చచ్చినాక తీసిన నవ్వు

తిరుపతి,
జూన్ 14, 2025

పెద్దమ్మకు,

లోహిత నమస్కారాలు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటా అనుకుంటున్నావేమో. ఫోన్ చేస్తే సుకుమార్ అన్న ఎత్తుతాడు, ఎత్తగానే స్పీకర్ పెడతాడు, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఈ సంగతి నీకొక్కదానికే రాయాలి.

నేనేం చదువుతున్నానని వచ్చినప్పుడల్లా అడుగుతావు, చెప్పగానే మొహం అదోలా పెడతావు. పాత దయ్యాల సినిమాలు పెద్దమ్మా. నలభై ఏళ్ల కిందట చేతిలో ఉన్న కాస్త డబ్బుతో, నాలుగు వారాల్లో చుట్టేసిన చవక బొమ్మలు. సగం భయం, మిగతా సగం నీకు రాయలేనిది. వాటిలో ఎవరిని దయ్యాన్ని చేశారు, ఎవరిని దేవతను చేశారన్నదే నా పరిశోధన. జమీందారు కూతురు చచ్చి దయ్యమైతే తెల్లచీర కట్టుకుని పాట పాడుతుంది. కూలిమనిషి చచ్చి దయ్యమైతే పేగులు మెడలో వేసుకుంటుంది. మొదటిదాన్ని చూసి జాలిపడాలి, రెండోదాన్ని చూసి కేకలు పెట్టాలి. ఏ బొమ్మ తీసుకున్నా ఇదే వరస.

సెప్టెంబర్‌లో మా ఫిల్మ్ క్లబ్బులో ఇలాంటివి మూడు వేస్తున్నాం. మా గైడు రఘునాథ్ సార్ సంపాదించిన కాపీల్లో ‘నల్లకోన రాకాసి’ అని ఒకటి ఉంది. 1985లో మీ మొగిలి కొండల్లో తీసింది. టైటిల్స్‌లో జనరేటర్ అద్దెకిచ్చినాయన పేరు కూడా ఉంది. రాకాసి వేసిన మనిషి పేరు లేదు.

సినిమా మధ్యలో ఆ రాకాసి ఉయ్యాల్లో బిడ్డను చంపి నవ్వుతుంది. ఆ నవ్వు వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది మా అమ్మ నవ్వు. ముందు గొంతులో ఎక్కిళ్లలా మొదలై, తర్వాత విరగబడి, ఆఖర్న ఊపిరి కోసం తంటాలుపడటం. అమ్మ పోయి రెండేళ్లయింది, ఆ నవ్వు మళ్లీ వింటాననుకోలేదు. కానీ 1985లో అమ్మకు పన్నెండేళ్లు. మసి కింద దవడ, ముందు పళ్ల మధ్య సందు చూశాను. నువ్వు ఎప్పుడు నవ్వినా కొంగు అడ్డం పెట్టుకుంటావు కనుక నీ నవ్వు నేనెప్పుడూ సరిగ్గా వినలేదు. ఆ మనిషివి నువ్వేనా పెద్దమ్మా?

నీ
లోహిత


బంగారుపాళ్యం,
జూన్ 23

లోహితకు,

నీ ఉత్తరం అందింది. ఆ బొమ్మలో ఉండేది నేను కాదు. లోకంలో పళ్ల సందు ఉండే ఆడది నేనొక్కదాన్నేనా? ఇక నవ్వంటావా, నవ్వు మీద పేరు రాసిపెట్టి ఉంటుందా యాడన్నా?

ఇక్కడ తోతాపురి మామిడికాయల కాలం. పల్పు ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్లు బెంగుళూరు రోడ్డు పొడుగునా నిలబడినాయి. సుకుమార్ వేబ్రిడ్జి దగ్గరే తింటాడు, ఆడనే కునుకు తీస్తాడు. నేను ఫ్యాక్టరీ మానేసినా ముక్కులోనుంచి ఆ వాసన పోలేదు.

దయ్యాలను నల్లగా చూపిస్తారని తెలుసుకోను ఇన్నేండ్లు చదవాల్నా? నన్నడిగింటే ఒక్క మాటలో చెప్పుందును కదా. ఆ కొండల్లో తెల్లారుజామున తడిబట్టలతో బండ మీద నిలబడితే ఎముకల్లో దూరే చలి ఎట్లుంటుందో నీకు తెలుసునా, నీ రఘునాథ్ సారుకు తెలుసునా? ఫ్యాను కింద కుర్చీలేసుకుని చూసేవాళ్లు మీరు.

ఈ సంగతి మళ్లీ రాయొద్దు. శనివారమన్నా తలకు నూనె పెట్టుకుని స్నానం చెయ్యి. పోయినసారి నీ జుట్టు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మీ పెద్దమ్మ


తిరుపతి,
జూలై 1

పెద్దమ్మా,

తలకు నూనె పెట్టుకున్నాను. కోప్పడకు.

తడిబట్టలతో బండ మీద నిలబడే సీను ఉందని నేను నీకు రాయలేదు. నువ్వే రాశావు.

నిన్ను ఇరికించాలని కాదు. ఇక్కడ జరుగుతున్నది నీకు తెలియాలి. క్లబ్బు పిల్లలు ఆ నవ్వును ఇరవై సెకన్ల ముక్కగా కత్తిరించి పెట్టుకున్నారు. ఆగస్టు మొదటి తారీఖున అందరి ఫోన్లకూ పంపుతారట, సినిమాకు జనం రావాలని. ఆ మొహంతోనే పోస్టరు కూడా వేస్తారు. ఆమె ఎవరో తెలియదు కాబట్టి అడగాల్సిన పని లేదంటున్నారు. అది నువ్వే అయి, వద్దంటే, నేను పట్టుబట్టి ఆపుతాను. నువ్వు కాదంటే ఆపమనడానికి నాకు నోరు లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. సినిమా అంతా రాకాసికి మద్రాసులో ఎవరో మగగొంతుతో డబ్బింగ్ చెప్పారు. ఆ ఒక్క నవ్వు మాత్రం షూటింగ్ చోట టేపులో పట్టింది, వెనక కాకుల అరుపులు కూడా ఉన్నాయి. ఎందుకలా చేశారో అర్థం కావడం లేదు.

లోహిత


బంగారుపాళ్యం,
జూలై 9

లోహితా,

అచ్చం మీ అమ్మ తెలివే వచ్చింది నీకు. ఔను, నేనే. ఇప్పుడు తృప్తా?

సుకుమార్‌కు తెలియదు, కోడలికి తెలియదు. మీ పెదనాన్నకు తెలుసు గానీ ఆయన ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ మంచితనం ఆయనతోనే పోయింది.

నాకప్పుడు ఇరవై ఏండ్లు. మద్రాసు నుంచి రెండు వ్యాన్లలో దిగినారు. కొండవాళ్ల వేషాలకని మా పేటలో పదిమందిని పిలిచినారు. తలకు ఈకలు కట్టి, మొహానికి సున్నపు చుక్కలు పెట్టి, పచ్చిమాంసం తినమన్నారు. మాంసం కాదులే, బీట్‌రూటు. మా నాయన ఈకలు కట్టుకుని దాన్ని కొరుకుతా, “ఏమబ్బా, కొండవాళ్లంటే వీళ్లకు కోళ్లా ఏమన్నా?” అన్నాడు. పక్కన ఉండేవాళ్లకు నవ్వాగలేదు, ఆ షాటు మళ్లీ తీయాల్సి వచ్చింది.

రాకాసి వేయాల్సిన మద్రాసామె బూడిదలో పడుకోనని వెళ్లిపోయింది. డైరెక్టరు జయరావు మమ్మల్ని వరసగా నిలబెట్టి నన్ను ఏరుకున్నాడు. నల్లగా ఉండానని కదా ఏరుకున్నది? మళ్లీ నా ఒంటికి దీపం మసీ ఆముదమూ కలిపి పూయించినాడు. “ఇంకా నలుపు కావాలి, లైట్లలో మామూలు ఆడపిల్లలా పడుతోంది” అన్నాడు. మామూలు ఆడపిల్లను కాకపోతే నేనింకేమిటి?

నీకొకటి చెప్తాను, నీ పుస్తకాల్లో ఇది ఉండదు. నాకు ఆ పని నచ్చింది. కెమెరా తిరుగుతుంటే ఒళ్లు ఝల్లుమనేది. పొలాల్లో మమ్మల్ని ఒసే అని పిలిచే పెద్దమనుషులు షూటింగ్ చూడను వచ్చినారు, నేను కండ్లు తిప్పితే రెండడుగులు వెనక్కి వేసినారు. చానా బాగుండింది.

నువ్వు అడిగిన నవ్వు సంగతి. బొమ్మలో ఎవరన్నా చచ్చే వేషం వేస్తే, ఆ షాటు అయిపోయినాక వాళ్లను ఒకసారి నవ్వించి తీస్తారు. చావు ఆ మనిషికి అంటుకోకూడదని. అది బొమ్మలో పెట్టేది కాదు, మనిషి బాగుండాలని తీసేది. రాకాసి చచ్చిన రోజు నన్ను కూడా నిలబెట్టి నవ్వమన్నారు. మేము ప్రభువును నమ్మినవాళ్లం, ఈ దిష్టీ గిష్టీ మాకొద్దన్నాను. గుమ్మడికాయ కొట్టే మునెయ్య అనే ముసలాయన, “నీ నమ్మకం నీకుండనీ తల్లీ, నవ్వితే పోయేదేముండాది?” అన్నాడు. నవ్వినాను. ఆ బొమ్మ మొత్తంలో నేను నేనుగా ఉండేది అదొక్కటే.

టూరింగ్ టాకీసుకు బొమ్మ వచ్చినప్పుడు కొత్తచీర కట్టుకుని, మీ అమ్మ కోమలి చెయ్యి పట్టుకుని పోయినాను. తెర మీద రాకాసి బిడ్డ గొంతు పిసికింది. ఆ వెంటనే నా నవ్వు. డబ్బింగు చెప్పినాయనకు అంత బాగా నవ్వను రాలేదంట, అందుకని నా బాగు కోసం తీసిన ముక్కను తెచ్చి ఆడ అతికించినారు. టెంటులో పిల్లకాయలు కేర్‌మన్నారు. మీ అమ్మ నా చెయ్యి వదిలేసింది. చిన్నపిల్ల, తప్పు పట్టను. కానీ ఆ చెయ్యి వదిలిన సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

అప్పుడు నాకు బాలవాడిలో ఆయా పని ఇచ్చుండిరి. నేను నవ్వితే పిల్లలు భయపడతా ఉండారని తల్లులు పోయి చెప్పినారు, తీసేసినారు. రోడ్డు మీద మగపిల్లకాయలు “రాకాసక్కా, ఒక్కసారి నవ్వక్కా” అని వెంటబడేవాళ్లు. కొంగు అడ్డం పెట్టుకోవడం అప్పుడు మొదలు. మీ అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ మా ఇద్దరి నవ్వూ తానే నవ్వింది.

వద్దు లోహితా. సుకుమార్ చర్చిలో సంఘపెద్ద. బిడ్డను చంపి నేను నవ్వినట్టు ఊరందరికీ ఇంకోసారి చూపించొద్దు. నిన్ను బతిమాలుకుంటా ఉండాను.

మీ పెద్దమ్మ


తిరుపతి,
ఆగస్టు 4

పెద్దమ్మా,

నీ ఉత్తరం రాగానే సినిమాను జాబితాలోంచి తీసేయించాను. రఘునాథ్ సార్ ఒప్పుకోలేదు మొదట. “మనం వెతుకుతున్న మనిషే దొరికితే దాచుకుంటావేమిటి? ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుదాం” అన్నారు. ఆమె శాలువా అడగలేదు, వద్దని అడిగింది అన్నాను. నీ పేరు చెప్పలేదు. పోస్టరు ఆగిపోయింది. నా పరిశోధనలో ఆ సినిమా మీద రాసిన భాగం కూడా నువ్వు ఒప్పుకుంటేనే ఉంటుంది.

ఇక రాయడానికి చేతులు రాని సంగతి. ఆ ఇరవై సెకన్ల ముక్కను క్లబ్బు పిల్లల్లో ఒకడు ముందే బయటికి వదిలేశాడు. తీసేయించేసరికే చాలామంది దించుకుని పంచుకున్నారు. ఎక్కడెక్కడికి వెళ్లిందో నాకు తెలియదు, వెనక్కి తెచ్చే దారి లేదు. ఆపుతానని మాట ఇచ్చి ఆపలేకపోయాను. నన్ను తిట్టు పెద్దమ్మా. నువ్వు తిట్టకపోతే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

లోహిత


బంగారుపాళ్యం,
ఆగస్టు 17

లోహితకు,

తిట్టాలనే కాగితం తీసినాను. నాలుగు రోజులు ఆలస్యం చేసేసరికి తిట్లు చల్లారిపోయినాయి.

అది మా ఇంటికే వచ్చింది. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరమూ అన్నం తింటా ఉండాము. మనవరాలు మహిత వాళ్లమ్మ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “అవ్వా, ఈ రాకాసికి నీ పండ్లే ఉండాయి సూడు” అనింది. నవ్వు ఇల్లంతా మోగింది. ఆ పిల్ల భయపడలేదు. మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటా ఉండాది.

బొమ్మ కింద ఎవరో రాసినారు, ‘సోమవారం పొద్దున్నే మా ఆవిడ’ అని. దాని కింద ఇంకా ఎంతోమంది ఇకఇకలు. నలభై ఏండ్ల కిందట నన్ను చూసి భయపడినారు, ఇప్పుడు ఎగతాళి చేస్తా ఉండారు. రెండిట్లోనూ నేను లేను. నాకు కోపం వచ్చింది లోహితా. సిగ్గు కాదు, కోపం. ఇన్నాళ్లూ ఆ కోపం యాడ దాక్కుందో నాకే తెలియదు.

నీకు ఉత్తరంలో కాదని రాసేసినాను గానీ, ఆ పిల్ల మొహం చూస్తా అబద్ధం చెప్పలేకపోయినాను. “పండ్లే కాదు, మనిషినీ నేనే” అన్నాను.

సుకుమార్ అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వాకిట్లో నిలబడి, “సంఘంలో వాక్యం చదివేవాణ్ణి. మా అమ్మ దయ్యం వేషం కట్టిందని రేపు ఎవురన్నా అంటే నేను తలకాయ యాడ పెట్టుకోవాల?” అన్నాడు.

“నా తలకాయ నేను నలభై ఏండ్లు కొంగు కింద పెట్టుకున్నాను. నీది నువ్వు యాడన్నా పెట్టుకో పో నాయనా” అన్నాను. కోడలు తలుపు చాటున నవ్వాపుకుంటా నోరు మూసుకుంది. కన్న కొడుకుతో అట్ల మాట్లాడినందుకు ఆ పూట నాకు అన్నం దిగలేదు, అది వేరే సంగతి.

నిదానంగా ఆలోచించినాను. దాచిపెట్టినా దాగలేదు. కాబట్టి చూపించు. కానీ ఊరికే చూపించడానికి నేనొప్పుకోను. ఆ నవ్వును ఉయ్యాల దగ్గర నుంచి తీసెయ్యి. రాకాసి చచ్చినాక పెట్టు. అది తీసింది అప్పుడు, దాని చోటు అది. నా పేరు వెయ్యి. ఇది చేతనైతే చెయ్యి, చేతకాకపోతే ఆ బొమ్మ జోలికి పోవద్దు.

మీ పెద్దమ్మ


తిరుపతి,
ఆగస్టు 29

పెద్దమ్మా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. రఘునాథ్ సార్‌తో రెండు రోజులు వాదన జరిగింది. ఉయ్యాల దగ్గర నవ్వును కత్తిరించడానికి ఆయన ససేమిరా అన్నారు. “అది సాక్ష్యం లోహితా. మనం శుభ్రం చేసి చూపిస్తే వాళ్లు చేసిన పని వాళ్లు చేయనట్టే అవుతుంది. ఆవిడకు జరిగిన అన్యాయం కనపడకుండా పోతుంది” అన్నారు. నిజం చెప్పాలంటే, ఈ ఒక్క మాటలో నేను ఆయన పక్షమే.

నీకు ఇష్టమైతే ఇలా చేస్తాం. సినిమా ఉన్నది ఉన్నట్టే నడుస్తుంది. ఉయ్యాల దగ్గర ఆ నవ్వు వస్తుంది, అది నీకు కష్టంగానే ఉంటుంది, దాచను. రాకాసి చచ్చి, సినిమా అయిపోయాక, అదెందుకు తీశారో రెండు వాక్యాలు తెర మీద వేస్తాం. తర్వాత నీ పేరు. ఆ తర్వాత నీ నవ్వు, వాళ్లు కలిపిన డప్పులూ ఉరుములూ కంప్యూటర్‌లో తీసేసి, షూటింగ్ చోట టేపులో ఎలా పట్టిందో అలా. వేదిక లేదు, శాలువా లేదు. సార్ కాస్త అలిగారు, పరవాలేదు.

సెప్టెంబర్ 27, శనివారం మధ్యాహ్నం మూడింటికి. వస్తావా? రాకపోయినా ఏమీ అనుకోను. పేరు ఎలా వేయమంటావో మాత్రం రాయి. నిర్మలమ్మ అనా, ఇంటిపేరుతోనా?

లోహిత


బంగారుపాళ్యం,
సెప్టెంబర్ 6

లోహితకు,

సరే, అట్లే కానీ. నిర్మల అని వెయ్యి. అమ్మ వద్దు. అప్పటికి నేను ఎవరికీ అమ్మను కాదు.

వచ్చేది రానిది చెప్పలేను. సుకుమార్ ఇంకా ముభావంగానే ఉండాడు.

పెద్దమ్మ


బంగారుపాళ్యం,
అక్టోబర్ 3

లోహితా,

క్షేమంగా చేరినాము. చెప్పకుండా వచ్చి, చెప్పకుండా పోయినామని నీకు కోపంగా ఉంటుంది. నన్ను చూస్తే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి నేనూ మొదలుపెడతాను, నీ సారు శాలువా తీస్తాడు. ఎందుకొచ్చిన గొడవ అని ఆఖరి వరసలో కూర్చుని, లైట్లు వేయకముందే లేచి వచ్చేసినాము.

సుకుమార్ వస్తాడని నేను అనుకోలేదు. బస్టాండులో దించి పోతానన్నాడు. బస్సు రాంగానే నాతోపాటు ఎక్కినాడు. చిత్తూరులో దిగి ఇంటికి మళ్లుకుంటాడేమో అనుకుంటే తిరుపతి బస్సులో నా పక్కన కూర్చున్నాడు.

ఈకల కొండవాళ్లు వచ్చినప్పుడు మా నాయన కనపడినాడు. అంత పెద్ద తెర మీద, మూతి ఎర్రగా పెట్టుకుని. “అదో, మీ తాత” అని చెప్పినాను. సుకుమార్ ముందుకు వంగి చూసినాడు. వాడు పుట్టక మునుపే పోయినాడు కదా మా నాయన. మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు.

ఉయ్యాల దగ్గర నవ్వు వస్తానే హాల్లో పిల్లలు పకపకమన్నారు. నువ్వు రాసుంటివి కష్టంగా ఉంటుందని. ఉండింది. సుకుమార్ తల వంచుకుని నేలను చూస్తా ఉండిపోయినాడు. లేచి పోదాం రా అని నా నోటిదాకా వచ్చింది.

ఆఖర్న పేరు పడింది, నవ్వు వచ్చింది. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు, అదీ మంచిదే అయింది. కాకులు అరవడం నాకు బాగా వినిపించింది. మసి పూసుకుని, పండ్లన్నీ బయట పెట్టి నవ్వుతా ఉండే ఆ పిల్ల మీద నాకు జాలి వేయలేదు. ఎంత బాగుండాదో అనుకున్నాను. నా గురించి నేను అట్ల అనుకోవడం అదే మొదలు.

కాణిపాకం మలుపు దాటినాక బస్సులో సుకుమార్ అడిగినాడు. “అమ్మా, ఆ పొద్దు నీకు అంత నవ్వు ఎందుకొచ్చింది?”

లోహితా, ఈ నలభై ఏండ్లలో నన్ను నవ్వమన్నవాళ్లు ఉండారు, నవ్వొద్దన్నవాళ్లు ఉండారు. ఎందుకు నవ్వినావని అడిగినవాళ్లు లేరు. అంత చదివిన నువ్వు కూడా అడగలేదు. వాడికి చెప్పినాను, నీకూ రాస్తా ఉండాను.

ఆ పొద్దు నవ్వు షాటు కోసం నిలబెడితే నాకు నవ్వు రానే రాలేదు. చలికి పండ్లు కొరుక్కుంటా ఉండాను. అంతలో డైరెక్టరు జయరావు, అంతవరకూ చెంబు పట్టుకుని చెట్లల్లోకి పోయినాయన, తిరిగి వస్తా పొదల మలుపులో ఎదురుగా నన్ను చూసినాడు. వారం రోజులు దగ్గరుండి నాకు మసి పూయించినోడు ఆయనే. “అమ్మో, రాకాసి!” అని చెంబు విసిరేసి, పంచె ఊడిపోతా ఉంటే ఒక చేత్తో పట్టుకుని, ముళ్లలో పడి పరిగెత్తినాడు. లైట్‌బాయ్‌లు పోయి పట్టుకొచ్చినారు. ఆయన్ను చూసే నేను నవ్వినది.

సుకుమార్ నా పక్కకు తిరిగినాడు. “చేసినోడే భయపడినాడామ్మా?” అన్నాడు. అని నవ్వు మొదలుపెట్టినాడు. ముందు ఎక్కిళ్ల మాదిరి, ఆమీద ఆపుకోలేక ముందు సీటు మీద తల పెట్టేసి. నాకూ ఆగలేదు. కండక్టరు వెనక్కి తిరిగి, “ఏమైందమ్మా?” అని అడిగినాడు. సుకుమారే లేచి నిలబడి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టినాడు, “మా అమ్మ ఒక బొమ్మలో రాకాసి వేసింది సార్” అని.

మీ పెద్దమ్మ